రాత్రి దురదకు సాయంత్రమే చికిత్స

చర్మవ్యాధుల ఓపీలో ఎగ్జిమా ఉన్న బిడ్డను చూడటానికి డాక్టరుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. మోచేతి మడత చూస్తారు, మోకాలి వెనక చూస్తారు, ఒక ట్యూబు, ఒక సిరప్ రాస్తారు. "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగే వ్యవధి ఉండదు. ఈ జబ్బు బరువంతా పడేది మాత్రం రాత్రి మీదే. పగలు బిడ్డ ఆటలో పడి దురద మరిచిపోతుంది, బడిలో పంతులమ్మ కళ్లముందు గోక్కోదు. దీపం ఆర్పి పడుకున్న అరగంటకు మొదలవుతుంది గోకుడు. తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు మరకలు, తల్లి కళ్ల కింద నలుపు.

ఎగ్జిమా ఉన్న పిల్లల్లో 47 నుంచి 80 శాతం మందికి, పెద్దల్లో 33 నుంచి 90 శాతం మందికి నిద్ర దెబ్బతింటుందని వైద్య సమీక్షలు చెబుతున్నాయి. అంకెల్లో ఇంత అంతరం ఉండటానికి కారణం నిద్రను ఒక్కొక్కరు ఒక్కో తీరున కొలవడమే. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో పుట్టిన దాదాపు 14 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన సమాచారం మీద 2019లో ఒక అధ్యయనం వచ్చింది. ఎగ్జిమా ఉన్నవాళ్లు, లేనివాళ్లు పడుకునే గంటల్లో పెద్ద తేడా లేదు. ఆ గంటల్లో పట్టే నిద్రలో తేడా ఉంది. మధ్యమధ్య లేవడం, నిద్ర పట్టక దొర్లడం, పీడకలలు లాంటివి ఎగ్జిమా ఉన్న పిల్లల్లో స్పష్టంగా ఎక్కువ. జబ్బు తేలికగా ఉన్నవాళ్లలోనూ అంతే. అందుకే "పది గంటలు పడుకున్నాడు కదా" అన్న మాట మీద ఆధారపడకూడదు. నాటింగ్‌హామ్ వైద్యులు 2004లో తయారుచేసిన ఏడు ప్రశ్నల కొలమానంలో ఒకటి నేరుగా నిద్ర గురించే: గత వారంలో ఎన్ని రాత్రులు నిద్ర చెడింది? ఖర్చు లేని ఈ ప్రశ్న నెల్లూరు జిల్లాలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగదగింది.

రాత్రే ఎందుకు? శరీరం నిద్రకు సిద్ధమయ్యేటప్పుడు లోపలి వేడిని తగ్గించుకోవాలి కాబట్టి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. చర్మం వెచ్చబడుతుంది, వెచ్చబడిన చర్మం త్వరగా దురదపెడుతుంది. వాపును అణచిపెట్టే కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు పడిపోతుంది. చర్మం నుంచి తేమ ఆవిరైపోవడం కూడా రాత్రిపూటే ఎక్కువని 1998లో గిల్ యోసిపోవిచ్ బృందం కొలిచి చూపింది. వీటికి తోడు, పగలు మనసును మళ్లించే పనులేవీ పక్క మీద ఉండవు. నిద్రపోయాక కూడా చేయి ఊరుకోదు. 1973లో ఎడిన్‌బరోకు చెందిన జాన్ సావిన్, ఆయన సహచరులు నిద్రలో గోకుడును పరికరాలతో నమోదు చేశారు. తేలిక నిద్రలో ఎక్కువ, గాఢనిద్రలో తక్కువ గోక్కుంటారని తేలింది. దురద వల్ల నిద్ర గాఢం కాదు, గాఢం కాని నిద్రలో గోకుడు పెరుగుతుంది. పుస్తకాల్లో ఈ జబ్బును పొడిచర్మపు జబ్బు అంటారు. 2006లో డండీ విశ్వవిద్యాలయంలో ఫిలాగ్రిన్ అనే జన్యువులో లోపాలు బయటపడ్డాక ఆ మాటకు బలం వచ్చింది. చర్మపు పైపొరను గట్టిగా కట్టి ఉంచే ప్రోటీను తక్కువైతే నీరు బయటికి పోతుంది, బయటి చికాకులు లోపలికి వస్తాయి.

అయితే ఆ పుస్తకాలు ఎక్కువభాగం చలిదేశాల్లో రాసినవి. నెల్లూరు తీరాన కావలి నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు బాధించేది చెమట. మే నెలలో పడమటి గాలి కొడితే ఒళ్లు ఎండిపోతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే కాస్త ఊరట, ఆ గాలీ పడిపోతే రాత్రంతా ఉక్కపోత. ఒకే రోజులో చర్మం రెండు రకాల దెబ్బ తింటుంది. అప్పుడు కరెంటు పోతే ఇక చెప్పేదేముంది. మెడ ముడతలో, మోచేతి మడతలో నిలిచిన చెమట ఉప్పై మండుతుంది. చెమట ఎందుకు దురద పెడుతుందో జపాన్ వాళ్లు బాగా తవ్వి చూశారు. చర్మం మీద ఎప్పుడూ ఉండే మలసీజియా అనే ఈస్టు విడిచే ఒక ప్రోటీను చెమటలో కలిసి, ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఎలర్జీ పుట్టిస్తోందని హిరోషిమా విశ్వవిద్యాలయం 2013లో ప్రకటించింది. జపాన్‌లోనే బడిపిల్లలకు పగటిపూట షవర్ స్నానం చేయించి చూస్తే ఎగ్జిమా తగ్గింది. చెమట పట్టడాన్ని ఆపలేం, ఒంటి మీద ఆరిపోనివ్వకుండా కడిగేయగలం. మైపాడులోనో ఇస్కపల్లిలోనో ఉండే తల్లికి విదేశీ సలహాల్లోని "గదిలో తేమ పెంచండి" అన్న వాక్యం పనికిరాదు. ఆమెకు కావలసింది గాలి ఆడే మంచం, మెత్తబడిన పాత నూలు దుప్పటి, పడుకునే ముందు ఒక స్నానం. ఎయిర్ కూలర్ కూడా తీరంలో అంతగా మేలు చేయదు. గాలిలో ఉన్న తేమకు మరికొంత కలుపుతుంది, అంతే. ఫ్యాను, తెరిచిన కిటికీ, దోమతెర నయం. దోమతెరను తేలిగ్గా తీసుకోవద్దు. ఎగ్జిమా ఉన్న ఒంటి మీద ఒక్క దోమకాటు గోకుడుతో పుండు కావచ్చు.

చికిత్సకు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. రాత్రి దురద పెట్టేదంతా ఎగ్జిమా కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రాత్రిపూట దురద ఉంటే, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులుంటే అది గజ్జి అయ్యుండవచ్చు. పురుగు వల్ల వచ్చే ఈ జబ్బును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. దీనికి పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి పాదాల దాకా రాత్రంతా ఉంచాలి, ఇంట్లో అందరూ ఒకే రోజు పూసుకోవాలి, వారం తరవాత మళ్లీ పూయాలి. దురద ఉన్న బిడ్డ ఒక్కదానికే పూస్తే జబ్బు ఇల్లు విడిచి పోదు. రెండోది తామర, అంటే ఫంగస్ వల్ల గుండ్రంగా పాకే మచ్చ. చెమట నిలిచే గజ్జల్లో, నడుం దగ్గర ఇది మన తీరమంతా ఉంది. మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజులు దురద మాయమవుతుంది, తరవాత మచ్చ రెట్టింపై మొండికేస్తుంది. చర్మవైద్యుల సంఘాలు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటే 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మడం ఇంకా ఆగలేదు.

ఇక సిరప్ సంగతి. దురద అనగానే ఎలర్జీ మందు, అది తాగితే మత్తుగా నిద్ర వస్తుంది కాబట్టి పని చేసినట్టే అనిపిస్తుంది. ఈ మందు అడ్డుకునేది హిస్టమిన్‌ను, ఎగ్జిమా దురదలో దాని పాత్ర చిన్నది. 2004లో గుర్తించిన ఐఎల్-31 లాంటి సంకేత ప్రోటీన్లు ఈ దురదను నడిపిస్తాయి. వాటిని ఈ సిరప్‌లు తాకవు. 2002లో బ్రిటన్‌లో పిల్లలకు రాత్రిపూట క్లోర్‌ఫెనిరమిన్ ఇచ్చి ఉత్తుత్తి మందుతో పోల్చారు. దురదలో తేడా కనిపించలేదు. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2014 మార్గదర్శకాలు, నిద్ర బాగా చెడినప్పుడు మత్తు కలిగించే రకాన్ని అప్పుడప్పుడు వాడుకోవచ్చని, అది పూతమందుకు బదులు కాదని చెప్పాయి. నా అభిప్రాయం ఇంకాస్త గట్టిది. నెలల తరబడి సిరప్ మీద పడుకోబెట్టిన బిడ్డ పొద్దున బడిలో తూగుతుంది, చర్మం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండేళ్లలోపు బిడ్డలకు ప్రోమెథాజిన్ ఇస్తే ఊపిరికే ప్రమాదం, ఇవ్వనే కూడదు. నిద్ర వైపు నుంచి ఆశ చూపిన మందు మెలటోనిన్. 2016లో తైవాన్‌లో 48 మంది పిల్లలకు రాత్రికి 3 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇస్తే నిద్ర సగటున 21 నిమిషాలు ముందుగా పట్టింది, చర్మం కూడా కొంత మెరుగైంది. చిన్న అధ్యయనం కాబట్టి డాక్టరు చెబితేనే వాడాలి. అయినా చెప్పుకోదగినది.

నిద్రకు నిజమైన మందు చర్మపు వాపును అణచడమే. దాన్ని సాయంత్రం చేయాలి. స్టెరాయిడ్ అంటే మన ఇళ్లలో రెండు అతిపోకడలున్నాయి. తామర మీద చీటీ లేకుండా నెలలు పూసేవాళ్లు కొందరు, ఎగ్జిమా మీద డాక్టరు రాసినా భయంతో గోరంత రాసి వదిలేసేవాళ్లు కొందరు. ఆ భయం బిడ్డ నిద్రను ఎక్కువగా తినేస్తోంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత మేరకు అది సరిపోతుందని కార్డిఫ్ వైద్యులు 1991లో లెక్క కట్టారు. ఎక్కువ తక్కువల భయానికి ఇదే విరుగుడు. గట్టి స్టెరాయిడ్‌ను రోజుకు రెండుసార్లు పూసినా ఒకసారి పూసినా ఫలితం దాదాపు ఒకటేనని 2022 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఒకసారే చాలినప్పుడు ఆ ఒకసారి పడుకునే ముందు పెట్టుకోవడం మేలు. మచ్చ తగ్గాక కూడా, మళ్లీ మళ్లీ వచ్చే చోట వారానికి రెండు రాత్రులు అదే మందు పూస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. ముఖానికి, రెప్పలకు, మెడకు స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఉంది. మొదటి కొన్ని రోజులు చురుక్కుమంటుంది. ముందే చెబితే తల్లి భయపడి మానేయదు.

ఆ సాయంత్రం ఎలా ఉండాలంటే, ఆటలు ముగిశాక గోరువెచ్చని నీళ్లతో అయిదారు నిమిషాల స్నానం. వేడినీళ్లు పోసినప్పుడు గోకినంత హాయిగా ఉంటుంది, పావుగంటకు దురద రెట్టింపవుతుంది, కాబట్టి వేడినీళ్లు వద్దు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి, కింది వైపుకు, వెంట్రుకలు వాలిన దిక్కుగా. రుద్దుడు పనికిరాదు. కాసేపు ఆగి ఎర్రగా ఉన్న చోట మందు పూయాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించి అంచులు నున్నగా అరగదీయాలి. దురద బాగా పెరిగిన రాత్రుల్లో, డాక్టరు నేర్పితే, తడిబట్ట చుట్టే పద్ధతి ఉంది. పాత నూలు బనీను గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండి, మందు పూసిన ఒంటికి తొడిగి, పైన పొడిది వేస్తారు. ఆవిరయ్యే నీరు చర్మాన్ని చల్లబరుస్తుంది, గోరుకు అడ్డు దొరుకుతుంది. చర్మం మందును మామూలు కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి దీన్ని కొన్ని రోజులకు మించి చేయకూడదు. రసి కారుతున్నా, చీము పట్టినా అసలే చేయకూడదు.

ఏ మాయిశ్చరైజర్ అన్న ప్రశ్నకు 2022లో బ్రిటన్ నుంచి మంచి జవాబు వచ్చింది. 550 మంది పిల్లల్లో లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగింటినీ పోల్చితే ఒకటి ఇంకొకదాన్ని మించలేదు. బిడ్డ రాయించుకునేదే మంచి మందు. మన తీరానికి ఇది ఊరటనిచ్చే మాట. మే నెలలో ఒళ్లంతా జిడ్డు ఆయింట్‌మెంట్ పట్టిస్తే చెమట కదలదు, చెమటకాయలు లేస్తాయి. ఎండల్లో పల్చని లోషన్, సంక్రాంతి చలిలో చిక్కని పూత అని మార్చుకోవచ్చు. కొబ్బరినూనె గురించి చాలామంది డాక్టర్లు విసుక్కుంటారు కానీ ఫిలిప్పీన్స్‌లో 2014లో 117 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో వేడి చేయకుండా తీసిన కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కంటే మెరుగ్గా పనిచేసింది. ఎర్రబడి రసి కారే చోట అది చాలదు, పొడిబారిన చోట నిక్షేపంగా వాడుకోవచ్చు. పసిబిడ్డలకని అమ్మే ఆలివ్ నూనె మాత్రం చర్మపు పైపొరను బలహీనపరుస్తుందని షెఫీల్డ్ పరిశోధకులు 2013లో చూపారు. నలుగు పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఆ ప్రేమ గీరుకుపోతుంది. పైగా పగిలిన చర్మంలోంచి తిండి గింజల ప్రోటీన్లు లోపలికి పోతే ఆ తిండికే ఎలర్జీ పుట్టవచ్చన్న ఆధారం ఉంది. వేరుశనగ నూనె కలిసిన పూతలు వాడిన పసిపిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఎక్కువని 2003లో గిడియన్ లాక్ బృందం రాసింది. పెసరపిండి, శనగపిండి పగిలిన ఒంటికి దూరంగా ఉంచడమే మంచిది.

పూతల గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పారాఫిన్ ఉన్నా లేకున్నా, ఇవి ఇంకిన బట్ట త్వరగా అంటుకుంటుందని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మంచం కింద దోమల చుట్ట వెలిగించే అలవాటున్న ఇళ్లలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. ఆ చుట్ట పొగ బిడ్డకు వేరే చికాకు.

డబ్బు ఎక్కడ పెట్టనక్కర్లేదో కూడా పరీక్షలు చెప్పాయి. 2017లో 300 మంది పిల్లలకు పట్టు లోదుస్తులు తొడిగి చూశారు, మామూలు బట్టల కంటే మేలు కనిపించలేదు. 2018లో 482 మంది పిల్లల స్నానపు నీళ్లలో నూనెమందు కలిపి చూశారు, ఏడాది తిరిగినా లాభం లేదు. 2011లో 336 మంది పిల్లల ఇళ్లలో కఠినజలాన్ని మెత్తబరిచే యంత్రాలు పెట్టారు. పిల్లల చేతులకు కదలికలు లెక్కించే పరికరాలు కట్టి రాత్రి గోకుడు కూడా కొలిచారు. తేడా రాలేదు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, సబ్బు నురగరాకుండా ఉంటాయి కాబట్టి యంత్రం కొందామన్న ఆలోచన సహజమే. కఠినజలంతో కడిగినప్పుడు సబ్బు అవశేషం చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతుందని 2018లో షెఫీల్డ్ నుంచే తేలింది. కాబట్టి సబ్బు తగ్గించుకోవడం యంత్రం కంటే చవకైన దారి. చివర్లో ఒక చెంబు మంచినీళ్లు పోసుకుంటే ఇంకా మంచిది.

పిల్లల గురించి ఇంత రాసి, రొయ్యల పనిలో ఉన్న ఆడవాళ్ల చేతుల గురించి రాయకపోతే నెల్లూరు తీరం గురించి రాసినట్టు కాదు. 2009లో వనామీ రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చాక చెరువులు పెరిగాయి, ప్రాసెసింగ్ షెడ్లలో తల తీసే పని, పొట్టు ఒలిచే పని పెరిగింది. స్టీలు బల్ల ముందు నిలబడి, ఐసులో వేళ్లు కొంకర్లు పోతుండగా తల విరవడం, పొట్టు లాగడం, నరం తీయడం. రొయ్య ముల్లు వేలికొనలో గుచ్చుకుంటుంది. మధ్యమధ్య క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచాలి. రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉంటేనే చర్మవైద్యం దాన్ని తడిపని కింద లెక్కవేస్తుంది, ఇక్కడ షిఫ్టంతా తడే. 1976లో డెన్మార్క్ వైద్యులు వంటవాళ్ల చేతుల్లో గుర్తించిన ప్రోటీన్ ఎలర్జీ ఎగ్జిమా ఇలాంటి చేతులకు వస్తుంది. రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ కూడా కొందరికి పడదు. షెడ్డులో చల్లదనానికి మొద్దుబారిన దురద, ఇంటికొచ్చి అన్నం తిని చేతులు వెచ్చబడ్డాక లేస్తుంది. ఈ పని చేసే ఆమె రాత్రి ఎంత మందు పూసుకున్నా పొద్దున్నే మళ్లీ అదే తడి. రబ్బరు గ్లౌజు ఒక్కటే వేస్తే లోపల చెమటకు చర్మం నానిపోతుంది. దాని కింద పల్చని నూలు గ్లౌజు వేసుకోవాలి, అది తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. ఈ గ్లౌజులు కొనిపెట్టాల్సింది యాజమాన్యం. కూలి డబ్బుల్లోంచి ఆమె కొనుక్కోవాలనడం న్యాయం కాదు. చెరువు గట్ల మీద రాత్రంతా ఏరేటర్లు చూసుకునే కాపలావాళ్లకు నిద్రే తక్కువ, బ్లీచింగ్, సున్నం చల్లిన చేతులు, దోమలు అదనం. వాళ్లకు రాత్రి పూతను పగటి నిద్రకు ముందుకు మార్చి చెప్పాలి.

"గోక్కోకు" అని బిడ్డను కసిరితే లాభం లేదు. సిగ్గు పెరుగుతుంది, గోకుడు దుప్పటి కిందికి పోతుంది. 1986లో స్వీడన్‌లో మెలిన్, నోరెన్ తదితరులు ఒక పద్ధతి పరీక్షించారు. చేయి పైకి లేచినట్టు గమనించడం, పిడికిలి బిగించి కాసేపు ఉంచడం, దురద ఉన్నచోట అరచేత్తో నొక్కి పట్టడం. మందుతోపాటు ఇదీ నేర్చుకున్నవాళ్లలో గోకుడు బాగా తగ్గింది.  పెద్ద పిల్లలకు, పెద్దవాళ్లకు ఇది నేర్పవచ్చు.

వీటన్నిటికీ లొంగని జబ్బుకు నేరోబ్యాండ్ యూవీబీ కాంతి చికిత్స, సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ ఉన్నాయి. 2023లో వచ్చిన ట్రీట్ పరీక్షలో 103 మంది పిల్లలకు ఈ రెండు మాత్రలిచ్చి పోల్చారు. సైక్లోస్పోరిన్ త్వరగా పనిచేసింది, మెథోట్రెక్సేట్ ఫలితం మందు ఆపాక కూడా నిలిచింది. మెథోట్రెక్సేట్ చవక. కానీ అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది, ఈ మాట చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వాలి. అమెరికాలో 2017లో డ్యుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కు, 2024 చివర్లో ఐఎల్-31 దారిని అడ్డుకునే నెమోలిజుమాబ్‌కు అనుమతి వచ్చింది. దురదను, నిద్రను అవి ఎంత మార్చగలవో పరీక్షల్లో కనిపించింది. వాటి ధర మాత్రం చేపల వేట మీద బతికే ఇంటికి అందేది కాదు.

అందే మందు దగ్గరే మన లోటు ఉంది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు వారానికి 250 నుంచి 500 గ్రాముల మాయిశ్చరైజర్ ఇవ్వాలని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర తల్లి చేతిలోకి వచ్చేది చిన్న ట్యూబు. ఒళ్లంతా రాస్తే రెండు పూటలకు ఖాళీ. ఆమె దాన్ని పొదుపు చేసి నెల వాడుతుంది, మందు పనిచేయలేదనుకుంటుంది, మళ్లీ మెడికల్ షాపుకు వెళ్తుంది. వైట్ సాఫ్ట్ పారాఫిన్, లిక్విడ్ పారాఫిన్ ఖరీదైన సరుకులు కావు. ఈ రెంటినీ కలిపి అర కిలో డబ్బాల్లో విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు మండలాల ఆరోగ్య కేంద్రాలకు పంపడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. ఎండలు ముదరక ముందు ఒకసారి, వానలు వెనకబట్టి చలి మొదలయ్యే వేళకు ఒకసారి నిల్వలు చేరాలి. డబ్బాతో పాటు వేలికొన కొలత బొమ్మ ఉన్న ఒక తెలుగు కాగితం, అది చూపించి నేర్పే ఒక ఏఎన్ఎం ఉంటే చాలు.